కుడివైపు కుట్టు

చుడీదారు మీది ఆకుపచ్చ చొక్కా కుడిపక్క బిగుతైంది. ఎడమపక్క ఎప్పటిలాగే వదులుగా ఉంది. పాలు పొంగేలోపు అయిపోయే పనేలే అనుకుని ఆమె చొక్కాను తిరగేసి కుడిపక్క కుట్టు విప్పింది. లోపల మడిచి ఉంచిన గుడ్డలోంచి కాస్త బయటికి వదిలి, మళ్లీ కుట్టేసి, తొడుక్కుని, పాలు దించి, మామూలుగా పనికి వెళ్లిపోయింది. కొన్నాళ్లకు నీలం చొక్కాదీ అదే వరస. దాన్నీ విప్పింది. ఆ తర్వాత గళ్ల చొక్కా. దాంట్లో వదలడానికి గుడ్డ మిగల్లేదు కాబట్టి పక్కన సన్నటి పట్టీ అతికించుకుంది. అతుకు కనబడకుండా భలే కుదిరిందని తనలో తాను మురిసిపోయింది కూడా.

యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో ఆమె పని బట్ట కత్తిరించడం. అక్కడ అందరికీ ఆమె కత్తెరమ్మ. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, మెడలో టేపు వేలాడేసుకుని, వచ్చేపోయేవాళ్లతో కబుర్లు చెప్పే యజమాని మాత్రం మాస్టరు. ఆ టేపుతో ఆయన ఏనాడూ ఒకరి కొలత తీసిన పాపాన పోలేదు. సరే, అది వేరే సంగతి. చెప్పొచ్చేదేమిటంటే, మనిషికి బట్ట సరిపోకపోతే బట్టదే తప్పు అనుకుంటూ ఇన్నేళ్లు బతికిన మనిషి ఆమె. గూని ఉన్నవాడికి గూనికి తగ్గట్టుగా కత్తిరించాలి తప్ప, నీకు గూనెందుకు వచ్చిందయ్యా అని అడగడం ఆ పనిలో లేదు. అందుకే మూడు చొక్కాలూ ఒకే వైపు బిగుతైతే మూడింటినీ సరిచేసింది. ఒక్కవైపే ఎందుకని తన ఒంటిని అడగలేదు.

పోనీ ఇంట్లో వాళ్లు అడిగారా అంటే, వాళ్లూ గమనించకపోలేదు. "కాస్త తిండి తగ్గించు, పొట్టొస్తోంది," అన్నాడు భర్త, రెండోసారి వడ్డించమని కంచం ఆమె వైపు జరుపుతూ. "ఆ వయసొచ్చాక ఆడవాళ్ల నడుములు అంతేలేరా," అని అత్తగారు తన వంతు మాట కలిపింది. నిజానికి ఆమె తిండి ఎప్పుడో తగ్గిపోయింది. నాలుగు ముద్దలు తినేసరికే కడుపు నిండినట్టయిపోయేది. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు, అందరూ తిని లేచాక కదా ఆమె కూర్చునేది.

ఒకరోజు కత్తిరింపు బల్ల మీద వంగబోతే బల్ల అంచు కుడి డొక్కలో గట్టిగా నొక్కుకుని ప్రాణం పోయినంత పనైంది. కత్తెర వదిలేసి అక్కడే కూలబడింది. "మధ్యాహ్నానికి ఈ తానంతా అయిపోవాలమ్మా," అన్నాడు మాస్టరు, కుర్చీలోంచి లేవకుండానే. ఆ తాను పూర్తిచేసే ఇంటికి వెళ్లింది ఆమె. మర్నాడు వీధి చివరి డాక్టరు డొక్క మీద చెయ్యి వేసి, తీయకుండా అలాగే ఉంచేశాడు. స్కాన్ చేసే మనిషి అప్పటిదాకా ఉక్కపోత గురించి ఏవో కబుర్లు చెబుతున్నవాడు ఉన్నట్టుండి మాటలు మానేశాడు. పక్కగదిలోంచి ఇంకొకరిని పిలుచుకొచ్చాడు. ఇద్దరూ తెర వైపు చూశారు తప్ప ఆమె వైపు చూడలేదు.

కాలేయంలో గడ్డ. క్యాన్సరు. చిన్నదేం కాదు, పెద్ద బత్తాయి అంత. ఒంట్లో ఎప్పటినుంచో నిద్రపోతున్న హెపటైటిస్-బి అందుకు కారణమట. అది ఎప్పుడు వచ్చిందో, పుట్టుకతోనే వచ్చిందో, ఎవరికీ తెలియదు.

"ఇంతయ్యేదాకా ఏం చేస్తున్నావు?" అని ఆ వారంలో ఆమెను అడగనివాళ్లు లేరు. భర్త అడిగాడు, మాస్టరు అడిగాడు, ఎప్పుడూ పలకరించని ఎదురింటావిడ కూడా అడిగింది. ఏం చేస్తున్నాను? ఆమె నిజంగానే ఆలోచించుకుంది. పాలు దించుతున్నాను. ఆయన చొక్కాలకు గుండీలు కుడుతున్నాను. అత్తయ్య మోకాళ్లకు నూనె రాస్తున్నాను. అబ్బాయి గదిలోంచి ఎంగిలి కప్పులు ఏరుతున్నాను. తాన్లు తాన్లుగా ఊరందరి కొలతలకూ గుడ్డ కత్తిరిస్తున్నాను. ఇంతకన్నా తీరిగ్గా ఎవరైనా ఉంటే వాళ్లు చూడాల్సింది నా డొక్క. ఇవన్నీ మనసులోనే అనుకుంది. పైకి, "తెలీలేదండీ," అని మాత్రం అంది, తప్పు చేసినదానిలా.

భర్త చెడ్డవాడని అనడానికి లేదు. రిపోర్టు వచ్చిన రోజు స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. కుళాయి చప్పుడు ఏడుపును కప్పేస్తుందనుకున్నాడు కానీ కప్పలేదు. తలుపు బయట నిలబడి ఆమె అంతా వింది. ఆ ఏడుపు అయ్యాక తలుపు సందులోంచి చెయ్యి బయటపెట్టి, "తువ్వాలెక్కడే?" అన్నాడు. ఆమె తెచ్చిచ్చింది.

పెద్దాసుపత్రికి మొదటిసారి వెళ్లినరోజు జరిగింది ఎవరికి చెప్పినా నమ్మరు. డాక్టరు గదిలో రెండు కుర్చీలున్నాయి. డాక్టరు పక్కనున్న కుర్చీలో భర్త కూర్చున్నాడు. రెండో కుర్చీలో మోకాళ్ల నొప్పుల అత్తగారు కూర్చుంది, ఇంట్లో ఉండమంటే ఉండకుండా వచ్చింది మరి. ఫైలు, మందుల సంచి, నీళ్లసీసా పట్టుకుని ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని గబగబా లోపలికొచ్చిన డాక్టరు కూర్చున్న మనిషిని, ఆయన బొజ్జను ఒకసారి చూసి, "బల్ల మీద పడుకోండి," అన్నాడు. భర్త వెళ్లి పడుకున్నాడు. ఇంటిల్లిపాదినీ చూస్తారు కాబోలు అనుకున్నాడట. డాక్టరు పొట్ట నొక్కాడు, గట్టిగా ఊపిరి తీయమన్నాడు, వేళ్లతో డొక్క మీద తట్టి చూశాడు. "తాగుడుందా?" అన్నాడు. "ఎప్పుడైనా, పండక్కో పబ్బానికో," అన్నాడు భర్త బెరుగ్గా.

ఇదంతా ఆమె చూస్తూనే ఉంది. నోరు విప్పలేదు. ముందు ఆయనది కానీ, తర్వాత నాది చూస్తారులే అనుకుంది. ఇంట్లో స్నానం దగ్గర్నుంచి భోజనం దాకా ఏళ్ల తరబడి నడిచిన వరస అదే కాబట్టి, ఆ క్షణంలో అందులో వింతేమీ కనిపించలేదు.

"మీ లివర్ భేషుగ్గా ఉందే! స్కానులో ఉన్నదాని ఆచూకీ కూడా లేదే!" అన్నాడు డాక్టరు అయోమయంగా. అప్పుడు ఫైలు కోసం చెయ్యి చాపాడు. పేరు చూశాడు. గోడ దగ్గర నిలబడ్డ ఆమెను చూశాడు. "పేషెంటు మీరా అమ్మా?" అన్నాడు. అవునని తలూపింది. నర్సు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. అత్తగారికైతే తిక్క రేగింది, "దానికే జబ్బు, వీడికి కాదు!" అని గదిమింది. ఎవరిని గదిమిందో ఆవిడకే తెలియదు.

డాక్టరు నొచ్చుకుని ఆమెను శ్రద్ధగానే పరీక్ష చేశాడు. ఆ తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు, భర్త వైపు తిరిగి. గడ్డ చిన్నదైతే సూది గుచ్చి కాల్చేసేవాళ్లం, ఇంత పెద్దదానికి అది చాలదు. కాలేయం మార్చడమంటారా, ఈ సైజుకి మామూలుగా ఒప్పుకోరు. ఇక ఆపరేషన్ చేసి గడ్డ ఉన్న భాగాన్ని కోసి తీసేయడం ఒక దారి. తొడ దగ్గర చిన్న రంధ్రం చేసి, రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి, గడ్డకు వెళ్లే నెత్తురు దారిలోనే మందు పోసి ఆ దారి మూసేయడం ఇంకోటి. ఆ దారినే రేడియేషన్ నింపిన పూసలు పంపడమూ ఉంది, కానీ ఆ సదుపాయం ఇక్కడ లేదు. ఒళ్లంతా పాకితే ఇచ్చే మందులు వేరే ఉన్నాయి, వాటి దాకా ఇంకా రాలేదు. "ఇంకో స్కాన్ తీయాలి. అది చూసి మా డాక్టర్లమంతా కూర్చుంటాం. ఈలోగా మీరూ ఇంట్లో మాట్లాడుకోండి," అన్నాడు.

ఇంట్లో బాగానే మాట్లాడుకున్నారు. రాత్రి భోజనాల దగ్గర అందరూ కూర్చున్నారు, ఆమె వడ్డించింది.

భర్త బస్సు డిపోలో టైమ్‌కీపరు. ప్రపంచంలో ఏ సంగతైనా ఆయన బుర్రలోకి వెళ్లాలంటే బయల్దేరే వేళ, చేరే వేళగా మారి వెళ్లాల్సిందే. "ఆ గొట్టం పద్ధతైతే ఇవాళ వెళ్తే ఎల్లుండికి ఇంట్లో ఉంటుంది. రెండ్రోజులు నలతగా ఉంటుందంతే. ఆపరేషనంటే ఆస్పత్రిలోనే ఎన్నాళ్లో తెలీదు, ఇంటికొచ్చాక రెండు మూడు నెలలు బిందె కూడా ఎత్తకూడదట. అన్నాళ్లు ఇల్లెలా నడుస్తుంది?"

"నేనూ నెట్‌లో చూశాను. చిన్న రంధ్రంతో పోయేదానికి పొట్టంతా కోయించుకోవడం ఎందుకు?" అన్నాడు కొడుకు. అతను ఇంట్లోనే తలుపేసుకుని కంప్యూటరు ముందు ఉద్యోగం చేస్తాడు. ఆకలేసినప్పుడు తలుపు తెరుచుకుంటుంది.

"గొట్టం పద్ధతి ఒక్కసారితో అవదట కదా," అంది కూతురు.

"అవకపోతే మళ్లీ వెళ్లొస్తుంది. ఎప్పటికప్పుడు ఎల్లుండికి ఇంట్లోనే కదా." భర్త నీళ్లు తాగాడు. "ఒకవేళ ఆపరేషనే అన్నారనుకో, అమ్మాయి కాలేజీ ఒక ఏడాది ఆపిద్దాం. ఆడపిల్ల ఉంది కాబట్టి సరిపోయింది."

కూతురు తలెత్తలేదు. చివరి ఏడాది చదువు. "సరే నాన్నా, ఆపేస్తాలే," అంది కంచంలోకి చూస్తూ. ఆ పిల్ల బొటనవేలి గోరు పక్క చర్మాన్ని చూపుడువేలితో గిల్లుకుంటూ ఉండటం ఆమెకు కనిపించింది. చిన్నప్పుడు బడికి వెళ్లనని ఏడవాలనిపించినా ఏడవకుండా ఇలాగే గిల్లుకునేది. కొడుకు ఇంకో ముద్ద కలుపుకున్నాడు. అతని పేరు ఎవరి నోటా రాలేదు. రాలేదన్న సంగతి కూడా ఎవరికీ తట్టలేదు, ఆమెకు తప్ప.

ఆ క్షణంలోనే ఆమె గొట్టం పద్ధతికి సిద్ధపడిపోయింది. దానికి పెద్ద ఆలోచనేం అక్కర్లేకపోయింది. తన కడుపులో గడ్డ ఉందని కూతురి చదువు కోయడమేమిటి? రెండ్రోజుల నలత ఆమెకు కొత్తా? జ్వరంతో వండింది, నొప్పులతో వండింది, పిల్లలు పుట్టడానికి వెళ్లేముందు కూడా పప్పు దించే వెళ్లింది. ఈ కొత్త జబ్బు కూడా ఇంటి పనుల మధ్య సందు చూసుకుని తన వైద్యం తాను చేయించుకుంటుందిలే.

మర్నాడు వర్క్‌షాపులో సెలవు సంగతి చెబితే మాస్టరు అయ్యో పాపం అన్నాడు, నిజంగానే బాధపడ్డాడు. ఆ బాధలోనే, "రెండు మూడు రోజులంటే సరే. నెలలంటే మటుకు ఆ బల్ల దగ్గర ఇంకొకళ్లని చూసుకోక తప్పదమ్మా," అన్నాడు. ఆమె బల్ల దగ్గరికి వెళ్లింది. ఇప్పుడు వంగితే నొప్పి కాబట్టి పక్కకు తిరిగి, ఎడమ డొక్క ఆనించి కత్తిరించడం అలవాటు చేసుకుంది. గుడ్డ మీద సుద్దగీత గీసి కత్తెర పెట్టేముందు ఎప్పటిలాగే పక్కన ఎంత మిగులుతుందో చూసుకుంది. అది ఆమె అలవాటు. తప్పు కోత పడ్డా మిగిలిన గుడ్డ సరిపడా ఉంటే సర్దుకోవచ్చు. డాక్టరు గీసిన బొమ్మ గుర్తొచ్చింది. కోసి తీసేస్తే ఎంత మిగులుతుందో? ఆ మాట ఎవరూ అడగలేదే అనుకుంది. అడగాల్సింది ఎవరో మాత్రం అప్పటికింకా తట్టలేదు.

కొత్త స్కాను తీయించుకున్నాక, రెండోసారి డాక్టరును కలవడానికి ముందురోజు మధ్యాహ్నం ఇంట్లో అత్తాకోడళ్లిద్దరే ఉన్నారు. ఆమె నేల మీద కూర్చుని అత్తగారి మోకాళ్లకు నూనె రాస్తోంది. రాస్తూ రాస్తూ ఆయాసమొచ్చి ఆగింది. అత్తగారు కాలు వెనక్కి తీసుకుంది.

"చాల్లే," అంది. కాసేపటికి, ఎవరితోనో అన్నట్టు, "నాకు గర్భసంచి తీసెయ్యాలన్నారు ఒకప్పుడు. గుర్తుందా?" అంది.

"నేనొచ్చిన కొత్తలో చేయించుకున్నారుగా అత్తయ్యా?"

"నువ్వొచ్చాక చేయించుకున్నాను. చెప్పింది అంతకు నాలుగేళ్ల ముందు. నాలుగేళ్లూ నెత్తురు పోతూనే ఉంది. కోడలొచ్చాక చూద్దాంలే, వంటకెవరో ఉంటారు అనుకున్నాను."

"మామయ్యగారు ఆగమన్నారా?"

"ఆయనెందుకంటారు? ఆయన దాకా వెళ్తేగా? నేనే అనుకున్నాను, నేనే ఆగాను. మీ మామయ్య పోయేముందు అన్నారు, అప్పుడే చేయించుకోవాల్సిందే, మనిషివి సగమైపోయావు అని. నువ్వు చెబితే నేను కాదంటానా అన్నారు. కాదనేవారో లేదో, ఇప్పుడెలా తెలుస్తుంది? నేను అడిగి చూడలేదు." ఆవిడ కొంగుతో మోకాలి మీది నూనె తుడుచుకుంది. "ఆ డాక్టరు అంతసేపు చెప్పాడు కదా, నాకు చెవులు బాగానే వినిపిస్తాయి. నా కొడుకు ఎన్ని రోజులని చూశాడు, మనవడు ఎంత కోత అని చూశాడు. ఎవడూ అడగాల్సింది అడగలా."

"ఏమడగాలి అత్తయ్యా?"

అత్తగారు ఆమె వైపు చిరాగ్గా చూసింది. ఉప్పు ఎక్కడుందని అడిగినప్పుడు చూసే చూపు అది. "నేను చెప్పాలా? జబ్బు ఎవరిది?"

ఆ రోజంతా ఆమె ఆ మాటే నమిలింది. బట్టలు మడతపెడుతూ నమిలింది, కూర తరుగుతూ నమిలింది. తరుగుతున్న కత్తి ఒకచోట ఆగిపోయింది. అవును, ఇంతసేపూ ఇంట్లో రెండు వైద్యాలనీ పక్కపక్కన పెట్టి కొలిచారు. ఎవరి టేపు వాళ్లది. అన్ని టేపులూ వంటింటి గుమ్మం దగ్గర మొదలై వంటింటి గుమ్మం దగ్గరే ముగిశాయి. తను కూడా అదే టేపు పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమెకు తన మీద తనకే జాలేసింది. జాలితోపాటు కోపమూ వచ్చింది. ఆ కోపం వల్ల ఒంట్లోకి కాస్త ఓపిక కూడా వచ్చినట్టనిపించింది.

మర్నాడు డాక్టరు గదిలోకి అందరికన్నా ముందు ఆమె వెళ్లి, డాక్టరు పక్క కుర్చీలో కూర్చుంది. భర్త ఒక్క క్షణం తటపటాయించి రెండో కుర్చీలో కూర్చున్నాడు. సంచి మాత్రం ఆమె ఒళ్లోనే ఉంది.

డాక్టరు కొత్త స్కాను చూపించాడు. గడ్డ ఒక్కటే ఉంది. కుడివైపుకే పరిమితమై ఉంది. పెద్ద రక్తనాళంలోకి పాకలేదు, వేరేచోటికి పోలేదు. "రెండూ చేయడానికి వీలుంది. ఆపరేషన్ పెద్దది, అది ముందే చెప్పాను. మరి ఇంట్లో ఏమనుకున్నారు?" అన్నాడు భర్తతో.

"అందరం ఆలోచించామండి. గొట్టం ద్వారా చేసేదే మాకు వీలుగా ఉంటుంది," అన్నాడు భర్త.

డాక్టరు పెన్ను తీశాడు.

"ఒక్క మాట," అంది ఆమె. "ఈ రెండింట్లో నేను ఎక్కువకాలం బతికేది దేంతో?"

భర్త ఆమె వైపు తిరిగాడు. ఆయన మొహంలో ఉన్నది కోపం కాదు. తాళంచెవి జేబులోనే పెట్టుకుని ఇల్లంతా వెతికిన మనిషి మొహంలా ఉంది. డాక్టరు పెన్ను కింద పెట్టి, కళ్లజోడు నుదుటి మీంచి కిందికి దించుకుని, కుర్చీని ఆమె వైపు జరుపుకున్నాడు.

"మీ విషయంలో అయితే ఆపరేషనేనమ్మా. మా డాక్టర్లందరి మాటా అదే. ఇంత పెద్ద గడ్డకి గొట్టం ద్వారా మందు పోస్తే కొంత చస్తుంది, కొంత మిగిలిపోవడమే ఎక్కువ. అదుపులో పెట్టొచ్చు, మళ్లీ మళ్లీ చేస్తూ ఉండాలి. కోసి తీసేస్తే పూర్తిగా పోయే అవకాశం ఉంది. అలాగని పూచీ ఏం లేదు. ఆపరేషన్‌లోనే ప్రమాదం ఉండొచ్చు, తర్వాత మళ్లీ రావచ్చు. కానీ మీరు అడిగినదానికి నా జవాబు అదే."

"కోసేశాక ఎంత మిగులుతుంది?"

డాక్టరు ఆశ్చర్యంగా చూశాడు. "ఇప్పుడైతే కొంచెం తక్కువే. అందుకే ముందు గడ్డ ఉన్న వైపుకు వెళ్లే ఒక నాళాన్ని మూసేస్తాం. కొన్ని వారాల్లో రెండోవైపు పెరుగుతుంది. సరిపడా పెరిగాకే కోస్తాం."

"పెరుగుతుందా?" అందామె. గుడ్డ పెరగదు. ఇన్నేళ్లలో కత్తెర పెట్టాక పెరిగిన గుడ్డను ఆమె చూడలేదు. చెయ్యి తనకు తెలియకుండానే డొక్క మీదికి వెళ్లింది, ఈసారి ఎడమవైపుకి. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"ఆపరేషనే చేయండి," అంది కళ్లు తుడుచుకుంటూ.

భర్త ఏదో అనబోయాడు. చేత్తో ఆమె కుర్చీ వెనక పట్టుకున్నాడు. వద్దని మాత్రం అనలేదు.

"సరే," అంటూ డాక్టరు రాయడం మొదలుపెట్టాడు. "తర్వాత మూడు నెలలు మీరు ఏ పనీ చేయకూడదు. వండిపెట్టాలి, మందులివ్వాలి, లేపాలి, కూర్చోబెట్టాలి. ఇంట్లో మిమ్మల్ని చూసుకోడానికి ఎవరున్నారు?"

"మా అమ్మాయి..." అన్నాడు భర్త అలవాటుగా.

"అమ్మాయికి కాలేజీ ఉంది," అందామె. ఒళ్లో ఉన్న సంచిని ఫైలుతో, నీళ్లసీసాతో సహా ఎత్తి భర్త ఒళ్లో పెట్టింది. "మా అబ్బాయి ఉన్నాడు. మావారున్నారు డాక్టరుగారూ. పోయినసారి మీరే నొక్కి చూశారుగా, ఆయన భేషుగ్గా ఉన్నారు."